టెక్సాస్‌లో సెప్టిక్ ఉన్న ఇల్లు కొంటున్నారా? మామూలుదా, ఏరోబిక్కా, స్ప్రేనా, డ్రిప్పా

ఆస్టిన్, డాలస్ చుట్టుపక్కల సిటీ దాటి అరెకరం, ఎకరం జాగాలో ఇల్లు కొనుక్కునే మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు తూర్పు వాకిలి ఉందా, పూజ గది ఏ మూలకి వస్తుంది, వంటగదికి గాలి వస్తుందా అని అన్నీ చూస్తాం. పెరట్లో గడ్డి మధ్య మూడో నాలుగో గుండ్రటి ఆకుపచ్చ మూతలు వరసగా ఉంటాయి. "ఇది ఏరోబిక్ సెప్టిక్" అని, అంటే ఇంటి మురుగుని పెరట్లోనే గాలి తోసి శుద్ధి చేసే రకం అని, రియల్టర్ ఒక్క ముక్క చెప్పి ముందుకు నడుస్తాడు. మనం తలూపి వెనకే నడుస్తాం. అక్కడే కాసేపు ఆగమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేం రెండు రకాలతోనూ కాపురం చేశాం. మొదటి ఇల్లు బాస్ట్రప్ దగ్గర, మామూలు సెప్టిక్ ట్యాంకు. ఇప్పుడున్నది ఆస్టిన్‌కి ఈశాన్యంగా, ఏరోబిక్, శుద్ధైన నీళ్ళను గడ్డి మీద చిమ్మే స్ప్రే హెడ్లతో. మొదటి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ ట్యాంకు ఉందన్న సంగతే గుర్తు రాలేదు. రెండో ఇంటికి వచ్చాక వారానికోసారైనా దాని గురించి మాట్లాడుకుంటున్నాం. అలాగని ఏరోబిక్ చెడ్డదని కాదు. దాని పని వేరు, అది మన దగ్గర అడిగేదీ వేరు.

ముందు నేల సంగతి

ఏది పెట్టుకోవాలి అని మనం ఆలోచించేలోపే చాలాచోట్ల నేల ఆ నిర్ణయం చేసేసి ఉంటుంది. శాన్ ఆంటోనియో దగ్గర మొదలై ఆస్టిన్, డాలస్ మీదుగా పైన రెడ్ రివర్ దాకా ఒక నల్లనేల పట్టీ ఉంది. బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. అక్కడి హ్యూస్టన్ బ్లాక్ అనే మట్టిని ఈ రాష్ట్రపు మట్టిగా చెప్పుకుంటారు. మన గుంటూరు, కర్నూలు వైపు వాళ్ళు దాన్ని చేతిలోకి తీసుకుంటే చాలు, నల్లరేగడి అని చెప్పేస్తారు. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, వాన పడితే ఉబ్బి బిగుసుకుంటుంది. రేగడిలో ఇంకుడుగుంత తవ్వితే నీళ్ళు ఎన్నాళ్ళు నిలబడతాయో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడా అంతే.

ఆస్టిన్ దగ్గర ఐ-35 రోడ్డుని గీత అనుకుంటే తూర్పున ఎక్కువగా ఈ రేగడి, పడమట హిల్ కంట్రీలో కాస్త తవ్వగానే సున్నపురాయి తగులుతుంది. బాస్ట్రప్ వైపు ఇసుక నేలలున్నాయి. పర్మిట్‌కి ముందు సైట్ ఇవాల్యుయేటర్ వచ్చి, నీళ్ళు వదలాలనుకున్న చోట ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి కనీసం రెండు గుంతలు తవ్వి మట్టి చూస్తాడు. బంకమట్టి అని తేలితే మామూలు డ్రెయిన్ ఫీల్డుకి, అంటే ట్యాంకు నీళ్ళు చిల్లుల పైపుల్లోంచి నేలలోకి ఇంకే చోటుకి, రాష్ట్ర నిబంధనలు ఒప్పుకోవు. అప్పుడు మిగిలేది ఎక్కువగా ఏరోబిక్కే.

ట్యాంకు లోపల జరిగేది

మామూలు సెప్టిక్ ట్యాంకులో గాలి ఆడదు. ఇంట్లోంచి వచ్చిన మురుగు అక్కడ ఒకటి రెండు రోజులు నిలబడుతుంది. బరువైంది అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె, జిడ్డు పైన తెట్టుగా తేలతాయి, మధ్యలో తేట మిగులుతుంది. గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు మడ్డిని మెల్లగా కుళ్ళబెడుతుంటాయి. ఆ తేట చూడ్డానికి పర్వాలేదనిపించినా నిజానికి శుభ్రమైంది కాదు. అది చిల్లుల పైపుల్లోంచి నేలలోకి దిగాక, మట్టి రేణువుల మధ్య ఉండే గాలి, అక్కడి సూక్ష్మజీవులు కలిసి అసలు శుద్ధి చేస్తాయి. అంటే మామూలు పద్ధతిలో పెద్ద పని చేసేది ట్యాంకు కాదు, మట్టి. మట్టి ఆ పని చేయలేని చోట అదే పనిని ట్యాంకులో యంత్రంతో చేయించుకోవడమే ఏరోబిక్.

మా పెరట్లో వరసగా ఉన్న మూతల్లో మొదటిది చెత్త ట్యాంకు. ఇది చిన్న సెప్టిక్ ట్యాంకు లాంటిదే, కరగనివి ఇక్కడ ఆగిపోతాయి. రెండోది గాలి గది. బయట చిన్న పెట్టెలో ఉన్న గాలి పంపు రాత్రింబవళ్ళు గాలి తోస్తూ ఉంటుంది, ట్యాంకు అడుగునుంచి బుడగలు లేస్తుంటాయి. ఆక్సిజన్ అందితే పనిచేసే సూక్ష్మజీవులు వేరు, వాటి ఆకలీ వేరు. గాలి లేని ట్యాంకులో వారాలు పట్టే పని ఇవి గంటల్లో చేస్తాయి. మురుగులోని సరుకుని తిని, పెరిగి, ఒకదాన్నొకటి అంటుకుని గోధుమరంగు తరకల్లా తయారవుతాయి. ఆ పక్కనే బుడగలు లేని నిమ్మళమైన గది ఉంటుంది. అక్కడ తరకలు అడుగుకి దిగి మళ్ళీ గాలి గదిలోకే జారతాయి. పైనున్న తేట క్లోరిన్ తగులుతూ ఆఖరి ట్యాంకులోకి పోతుంది. ఆఖరి ట్యాంకులో పంపు ఉంటుంది, అది నీళ్ళను గడ్డి మీదికి చిమ్ముతుంది.

ఈ గాలి పద్ధతి కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు 1914లో దీన్ని లోకానికి చెప్పారు. పెద్ద పెద్ద నగరాల మురుగు ఇప్పటికీ ఇదే సూత్రం మీద శుద్ధి అవుతోంది. మన పెరట్లో ఉన్నది దాని చిన్న రూపం.

ఎంత శుభ్రం అవుతుందో అంకెల్లో చెప్పాలంటే బీఓడీ అనే కొలత ఉంది. నీళ్ళలో ఉన్న కుళ్ళే సరుకుని తినడానికి సూక్ష్మజీవులకి ఎంత ఆక్సిజన్ కావాలో అది చెబుతుంది. ఇంటి మురుగులో అది లీటరుకి సుమారు 200 నుంచి 300 మిల్లీగ్రాములు. మామూలు సెప్టిక్ ట్యాంకు దాటాక కూడా వంద పైనే ఉంటుంది. ఎన్‌ఎస్‌ఎఫ్ అనే సంస్థ పెట్టిన 40వ నంబరు ప్రమాణం కింద సర్టిఫికెట్ వచ్చిన ఏరోబిక్ యూనిట్ నెల సగటున 25 దాటకూడదు, తేలాడే మలినాలు 30 దాటకూడదు. కొత్తగా కట్టించుకునేవాళ్ళు కొటేషన్ మీద ఈ ప్రమాణం పేరుందో లేదో చూడండి.

ఒకసారి గాలి గది మూత తీయించి చూశాను. కాచి చల్లార్చిన చిక్కటి కాఫీ డికాక్షన్‌లో కాసిని పాలు పోసిన రంగు. వాసన భయపడినంత లేదు, తడిమట్టి వాసన. సర్వీస్ మనిషి గాజు జాడీలో కాసిని నీళ్ళు పట్టి మా మెట్టు మీద పెట్టాడు. అరగంటకి గోధుమరంగంతా కిందకి దిగి పైన నీళ్ళు గంజి తేరినట్టు తేటగా నిలిచాయి. కిందది జాడీలో మూడోవంతు ఉంది. అది సగం దాటి పైకొస్తుంటే ట్యాంకు మడ్డి తోడించే టైమొచ్చినట్టు. నీళ్ళు నల్లగా ఉండి కుళ్ళిన గుడ్డు వాసన కొడితే గాలి అందట్లేదని అర్థం. ఇల్లు కొనేముందు ఇన్‌స్పెక్టర్‌తో ఈ జాడీ పరీక్ష చేయించండి. కాగితాల కన్నా అది నిజం చెబుతుంది.

మామూలు సెప్టిక్ ఎవరికి

నేల ఒప్పుకుంటే కళ్ళు మూసుకుని ఇదే తీసుకోండి. కదిలే భాగాలుండవు, కరెంటు అక్కర్లేదు, నెలనెలా ఖర్చుండదు. మూడు నుంచి ఐదేళ్ళకోసారి మడ్డి తోడించాలి. డ్రెయిన్ ఫీల్డు మీద కారు ఆపకూడదు, చెట్లు వేయకూడదు. మామూలు సెప్టిక్ పాతకాలందని, ఏరోబిక్ అప్‌గ్రేడ్ అని అమ్మేవాళ్ళు అంటుంటారు. మంచి నేల ఉన్నచోట ఆ మాట వినకండి.

ఒక్కటే భయం. ఫీల్డు ఒకసారి మూసుకుపోతే బాగుచేయడం కష్టం, ఇంకో చోటు తవ్వాల్సి రావచ్చు. జాగా చిన్నదైతే ఆ ఇంకో చోటు ఉండదు.

ఏరోబిక్ అయితే: స్ప్రేనా, డ్రిప్పా

ఇక్కడ మనకి నిజంగా ఎంపిక ఉంది. ఎక్కువమంది ఇక్కడే ఆలోచించకుండా చవకదాన్ని ఒప్పుకుంటారు.

స్ప్రే అంటే రెండో మూడో హెడ్లు గడ్డిలోంచి లేచి నీళ్ళు గుండ్రంగా చిమ్ముతాయి. నల్లనేల మీద కూడా పనిచేస్తుంది, ఎందుకంటే నీళ్ళు చాలావరకు ఎండకీ గడ్డికీ పోతాయి. స్ప్రే తగిలే చోటు మీ హద్దుకి 20 అడుగుల దూరంలో ఉండాలి. అర్ధరాత్రి నుంచి తెల్లవారి 5 లోపే చిమ్మేలా టైమర్ పెడితే 10 అడుగులు చాలు. సొంత బావి ఉంటే దానికి 100 అడుగుల దూరం. అందుకే అరెకరం జాగాలో స్విమ్మింగ్ పూల్, షెడ్డు, స్ప్రే మూడూ కావాలంటే ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది.

డ్రిప్ అంటే మన పొలాల్లో వేసే డ్రిప్ లాంటిదే. సన్నటి పైపులు గడ్డి కింద కొన్ని అంగుళాల లోతున పాతి, కొద్దికొద్దిగా నీళ్ళు వదులుతారు. పైకి ఏమీ కనపడదు, తుంపర లేదు, పిల్లలు పొద్దున్నే ఆడుకోవచ్చు. కట్టేటప్పుడు ఖర్చెక్కువ. ఫిల్టర్లు కడగాలి, చుక్కలు వదిలే రంధ్రాలు మూసుకుపోతే వెతికి పట్టుకోవడం తలనొప్పి. అయినా పసిపిల్లలో పెద్దవాళ్ళో ఇంట్లో ఉంటే, జాగా ఎకరానికి తక్కువైతే, నేను డ్రిప్‌కే ఓటేస్తాను. మేం కొన్న ఇంట్లో స్ప్రే ఉంది కాబట్టి ఉంది. మళ్ళీ కట్టించుకుంటే మాత్రం డ్రిప్పే.

మట్టి గుట్ట పోసి దానిమీద పైపులు వేసే మౌండ్ పద్ధతి, తక్కువ ప్రెషర్‌తో నీళ్ళు తోసే పద్ధతి కూడా ఉన్నాయి. మీ డిజైనర్ వాటి ఊసెత్తితే అడిగి తెలుసుకోండి. మా వైపు ఇళ్ళలో నేను ఎక్కువ చూసినవి పై మూడే.

మన ఇంటి అలవాట్లు

ఇంగ్లిష్ కరపత్రాల్లో మన ఇళ్ళ సంగతులుండవు, మనకేమో ఇవే ముఖ్యం. టెక్సాస్‌లో సిస్టమ్ సైజు లెక్కేసేది మనుషుల్ని బట్టి కాదు, బెడ్‌రూముల్నీ చదరపు అడుగుల్నీ బట్టి. 3500 చదరపు అడుగుల లోపు, నాలుగు బెడ్‌రూముల ఇంటికి, నీళ్ళు ఆదా చేసే కుళాయిలుంటే రోజుకి 300 గ్యాలన్లు. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి అది హాయిగా సరిపోతుంది. అటు అత్తామామలు, ఇటు అమ్మానాన్న ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆరేసి నెలలుంటే లెక్క మారిపోతుంది. ఆదివారం ఒక్కరోజే ఐదారు లోడ్ల బట్టలు వేస్తే ఆ నీటి తోపుకి తరకలు దిగే టైమే ఉండదు, కొట్టుకుని బయటికి పోతాయి. రోజుకొక లోడు వేసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇంకా పెద్ద సమస్య వంటగది. పాల బీఓడీ లీటరుకి దాదాపు లక్ష మిల్లీగ్రాములుంటుంది. ఇంటి మురుగుని 250 అనుకున్నా, విరిగిన పాలు ఒక్క గ్యాలన్ సింకులో పారబోస్తే 400 గ్యాలన్ల మురుగు ఒక్కసారిగా వదిలినట్టు. పులిసిపోయిన మజ్జిగ, మిగిలిన ఇడ్లీ పిండి, అన్నం వార్చిన గంజి అన్నీ ఆ జాతివే. గారెలు వేయించిన నూనె, నెయ్యి కాచిన గిన్నె అడుగు సింకులోకి పోకూడదు. నూనె చల్లారాక డబ్బాలో పోసి చెత్తలో వేయండి, మూకుడు టిష్యూతో తుడిచి కడగండి. సింకు కింద గార్బేజ్ డిస్పోజల్ ఉన్నా లేనట్టే అనుకోండి. మా అమ్మకి ఈ సంగతి చెబితే, "ఊళ్ళో కుడితి గేదెకి పోసేవాళ్ళం, ఇక్కడ ట్యాంకుకి పోస్తున్నామన్నమాట" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

మన నీళ్ళ అలవాటు మాత్రం దీనికి మంచిదే. టాయిలెట్ పేపరు తక్కువ పడితే చెత్త ట్యాంకు నెమ్మదిగా నిండుతుంది. వెట్ వైప్స్ మటుకు వద్దు, ఫ్లష్ చేయొచ్చని డబ్బా మీద రాసి ఉన్నా సరే.

గృహప్రవేశం రోజు ఏం జరిగిందో చెప్తాను. ఉదయం వ్రతం, మధ్యాహ్నం భోజనాలు, డెబ్బై మంది దాకా వచ్చారు. మూడు గంటలకి పక్క గోడ మీది పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి అలారం మోగడం మొదలైంది. పంపు ట్యాంకు నిండిపోయింది. టైమర్ ప్రకారం స్ప్రే అర్ధరాత్రికి గానీ మొదలవ్వదు. పోనీ చేత్తో ఆన్ చేద్దామంటే సరిగ్గా ఆ గడ్డిలోనే పిల్లలంతా ఆడుకుంటున్నారు. పిల్లల్ని లోపలికి పిలిచి, బాత్రూములకి తాళం వేసినంత పనిచేసి, చీకటి పడేదాకా నెట్టుకొచ్చాం. ఆ తర్వాత నలభై మంది దాటే ఏ ఫంక్షన్‌కైనా బయట పోర్టబుల్ టాయిలెట్ అద్దెకి తెప్పిస్తున్నాం. ఎవరూ ఏమీ అనుకోలేదు.

కరెంటు, క్లోరిన్, సర్వీస్

గాలి పంపు 80 వాట్లదనుకుంటే, ఆగకుండా తిరుగుతుంది కాబట్టి నెలకి 58 యూనిట్లు. బిల్లులో పెద్దగా తెలీదు. బిల్లు తగ్గుతుందని రాత్రిపూట ఆపేసేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. గాలి ఆగితే ఆ సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, మళ్ళీ పుంజుకోవడానికి టైము పడుతుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానప్పుడు, 2024 జులైలో బెరిల్ తుఫానుకి హ్యూస్టన్ వైపు, రోజుల తరబడి కరెంటు పోయింది. అలాంటప్పుడు ఏరోబిక్ ఇంట్లో గాలీ ఉండదు, పంపూ ఉండదు. ఆఖరి ట్యాంకులో మిగిలిన ఖాళీయే దిక్కు, నీళ్ళు చాలా పొదుపుగా వాడుకోవాలి. జనరేటర్ పెట్టుకునేవాళ్ళు ఈ రెంటినీ దాని మీదికి కలిపించుకోండి.

క్లోరిన్ విషయంలో ఒక హెచ్చరిక. స్విమ్మింగ్ పూల్ బిళ్ళలు చవగ్గా దొరుకుతాయని ఇందులో వేయొద్దు. మురుగునీటికని రాసి ఉన్న కాల్షియం హైపోక్లోరైట్ బిళ్ళలే వాడాలి. పూల్ బిళ్ళలు వేరే రసాయనం. రెండూ ఒకే గొట్టంలో తడిసి కలిస్తే విషవాయువు వస్తుంది, పేలే ప్రమాదం కూడా ఉంది. మాది ఇప్పుడు బిళ్ళల పద్ధతి కాదు, మామూలు బ్లీచ్ పోసే డబ్బాకి మార్పించాం. సువాసన కలపని బ్లీచ్ గ్యాలన్ తెచ్చి పోస్తే చాలు, చేతికి దుమ్ము అంటదు. నిబంధన ప్రకారం చిమ్మే నీళ్ళలో లీటరుకి కనీసం 0.1 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి.

కొత్త సిస్టమ్‌కి మొదటి రెండేళ్ళు సర్వీసు పెట్టించినవాళ్ళే ఇవ్వాలి. ఆ తర్వాత కాంట్రాక్ట్ మనమే చేసుకోవాలి. నాలుగు నెలలకోసారి చూసి కౌంటీకి రిపోర్టు పంపుతారు. సొంతంగా చూసుకోనిచ్చే కౌంటీలూ ఉన్నాయి, మీ కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. మొదట్లో మేం పెట్టుకున్న మనిషి మూతలు తీయకుండానే ట్యాగ్ మీద టిక్కు పెట్టి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు నేనే గాలి పంపు పెట్టె తెరిస్తే లోపలంతా ఎర్రచీమల పుట్ట. గాలి సగం కూడా పోవట్లేదు. అందుకే చవక కాంట్రాక్ట్ కన్నా మూత తీసి, జాడీ పట్టి, ఫిల్టర్ కడిగి చూపించే మనిషిని వెతుక్కోండి.

కొనేముందు అడగాల్సినవి

ఆప్షన్ పీరియడ్, అంటే ఒప్పందం రాసుకున్నాక కూడా కొనడం మానుకునే వీలున్న గడువు, దాటకముందే కౌంటీ నుంచి ఆ ఇంటి పర్మిట్ ఫైలు తెప్పించుకోండి. అందులో ఎన్ని బెడ్‌రూములకి డిజైన్ చేశారో ఉంటుంది. ఇంట్లో ఇప్పుడు ఐదు గదులుండి ఫైల్లో మూడే ఉంటే ఆగి ఆలోచించండి. గత ఏడాది సర్వీస్ రిపోర్టులు, మడ్డి ఎప్పుడు తోడించారో రసీదు అడగండి. ప్రతి మూతకీ స్క్రూలున్నాయో లేదో మీ చేత్తో కదిపి చూడండి. ఊడిన మూత కింద లోతైన ట్యాంకు ఉంటుంది, పసిపిల్లలకి అది ప్రాణగండం. స్క్రూ ఒక్కటి లేకపోయినా ఇంట్లో దిగకముందే వేయించాలి. మూత కింద అదనంగా వల లాంటి అడ్డు కూడా దొరుకుతుంది, అదీ పెట్టించండి.

ఆ ఫైల్లోనే స్ప్రే వలయాలు గీసిన మ్యాపు ఉంటుంది, ఫోటో తీసి దాచుకోండి. చిమ్మే నీళ్ళు తగిలే చోట తినే పంటలేవీ పెంచకూడదని నిబంధన. తోటకూర, బెండ, కరివేపాకు, నిమ్మ ఏదైనా సరే. డ్రిప్ పైపులున్నా మడి దూరంగానే వేసుకోండి. మేం ఆ వలయాల అంచున చిన్న రాళ్ళు పాతాం. రాళ్ళకి అటువైపు గడ్డి, ఇటువైపు అమ్మ సొరపాదు, పందిరి.